కార్వేటినగరపు చెఱువుల వ్యాజ్యము



మన తుని మీదుగా రైలుబండి నడచినది 1893 ప్రాంతమున. అంతకు సుమారు ఇరువది యేండ్లకు ముందే చెఱువునకును రైలునకును ఒక పెద్ద వ్యాజ్యము నడచి ముగిసినది. చెఱువుక్రింద సేద్యము చేయువారెల్లరును ఎఱుగదగినది గనుక ఆ కథను నేడు మీకు విన్నవించుచున్నాను.

మద్రాసు రైల్వే కంపెనీవారు రాయచూరు వైపునకు వేసిన మార్గము, నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని కార్వేటినగరము జమీ గుండా సాగినది. క్రొత్త రైలుకట్ట పాత నీటిదారులను దాటిన చోటనెల్ల వంతెన కావలసివచ్చును. ఒకమాఱు కుంభవృష్టి కురిసి జమీందారుగారి చెఱువులు గండిపడెను. ఆ వెల్లువ రైలు కట్టడములను పాడుచేసెను. కంపెనీవారు నష్టపరిహారమునకై దావా వేసిరి.

ఇంగ్లండులో ప్రభువుల సభవారు 1868లో చేసిన తీర్పు వారికి ఆధారము. అచ్చట ఒక మిల్లు యజమాని తనకై కట్టించుకొన్న జలాశయపు నీరు పొరుగువాని బొగ్గుగనిలోనికి దిగినది. అపాయకరమైన వస్తువును తన నేలపై చేర్చినవాడు, అది వెలికిపోయి హాని చేసినచో, తన అజాగ్రత్త లేకున్నను నష్టము నిచ్చుకొనవలెనని ఆ తీర్పు.

ఆ న్యాయము మన చెఱువులకును చెల్లినచో ఏమగును? 19వ శతాబ్దపు లెక్కలలో చెన్నరాజధానియందలి 14 జిల్లాలలోనే చెఱువులు సుమారు 53,000. ప్రతి గండికిని జమీందారే సొమ్ము చెల్లింపవలసివచ్చినచో, నీరు నిలుపుటకే వెఱచి తూములు తెఱచియుంచును. ఎండునవి రైతుల పొలములు.

చెన్నపురి హైకోర్టువారు కంపెనీ కోరికను త్రోసిపుచ్చిరి. లండనులోని ప్రీవీ కౌన్సిలువారును 1874లో అట్లే తీర్పు చెప్పిరి. ఈ చెఱువులు ప్రాచీనములు, అసంఖ్యాకులగు జనులకు జీవనాధారములు. వానిని నిలిపి మరమ్మతు చేయుట జమీందారునకు ఇష్టాయిష్టముల విషయము కాదు, విధి. విధి నెఱవేర్చువానిపై, అజాగ్రత్త ఋజువు కానిదే, నష్టభారము మోపరాదు. ఇదియే వారి తీర్పు సారము.

అయితే ఇది నిర్లక్ష్యమునకు అనుమతిపత్రము కాదు. తగిన జాగ్రత్త తీసికొనబడినదని క్రింది కోర్టులు తేల్చుటచేతనే జమీందారుగారు గెలిచిరి. కట్టను పాడుపెట్టినచో తీర్పు వేఱుగా నుండెడిది.

1948 నాటి శాసనముతో జమీలు పోయినవి. చెఱువులు పోలేదు, వాని విధియు పోలేదు. తొలకరికి ముందే కట్ట బలహీనమైన చోటు కనిపెట్టుట, అలుగు పూడకుండ చూచుట, తూము సరిచేయించుట ఊరిపెద్దలు మఱవరాని పనులు.