చుట్టల పెట్టె నుంచి జనవరి 14 దాకా

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏటా ఒక సమాధికి చుట్టల పెట్టె, బీరు సీసా పంపేవాడని హైదరాబాద్ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. పూల చాదర్, అగరొత్తులు అంటే సరే అనుకుంటాం. చుట్టలూ బీరూ! పైగా అవి అందుకోవలసినవాడు పోయి అప్పటికే డెబ్బై ఏళ్ళు దాటింది. అతను నిజాంకు చుట్టం కాడు, పీరు కాడు, ఆస్థాన కవీ కాడు. ఫ్రాన్స్‌లోని గాస్కనీలో పుట్టి హైదరాబాద్‌లో కన్నుమూసిన సిపాయి దొర మిషెల్ జోకిమ్ మరీ రేమండ్. వర్ధంతి మార్చి 25. ఆ రోజున మలక్‌పేట పక్కన అస్మాన్‌గఢ్ గుట్ట మీదికి హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్ళి మొక్కేవాళ్ళు. ఈ ఆనవాయితీ 1940ల దాకా నడిచిందంటారు.

ఈ ముచ్చట నాకెంత నచ్చిందో చెప్పలేను. ఎందుకంటే ఇది మన ఇళ్ళలో పనే. కోస్తా పల్లెల్లో సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునేటప్పుడు పటం ముందు కొత్త బట్టలు, పిండివంటలతో పాటు తాతకు ఇష్టమైన చుట్ట, కల్లు కూడా పెడతారు. తెలంగాణలో పెత్రమాసకు పెద్దలను తలుచుకుంటారు. పోయినవాడికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకోవడమే అసలు మర్యాద. మహబూబ్ అలీ పాషా చేసింది అదే. కొలువులో పనిచేసి వెళ్ళిన సైనికుణ్ణి ఇంటి పెద్దల్లో కలుపుకున్నాడు.

ఇప్పుడు మాజీ సైనికులకు మనకో అధికారిక దినం ఉంది. జనవరి 14. తేదీ చూడగానే తెలుగువాడికి నవ్వొస్తుంది. అది భోగి, కాకుంటే సంక్రాంతి. దేశం సైనికులను తలుచుకోమన్న రోజు, తెలుగు నేల మీద అప్పటికే పెద్దలను తలుచుకునే పండుగ. కానీ ఈ రెండూ ఇంతవరకు ఒకదాన్నొకటి పలకరించుకున్నట్టు లేదు.

ఆ తేదీ వెనక ఉన్నది కె.ఎం. కరియప్ప. భారత సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతిగా 1949 జనవరి 15న బాధ్యతలు తీసుకున్నాడు. అందుకే అది సైనిక దినోత్సవం. 1953 జనవరి 14న పదవీ విరమణ చేశాడు. ఆ రోజును మాజీ సైనికులకు కేటాయించి, మొదటిసారి 2016లో జరిపారు. ఒకే మనిషి పదవి చేపట్టడం సైన్యానికి పండుగ, దిగిపోవడం మాజీలకు పండుగ. కరియప్ప విరమణ తర్వాత ఊరుకోలేదు, 1964లో మాజీ సైనికుల సంఘం ఒకటి పెట్టాడు. 'ఒకే ర్యాంకుకు ఒకే పింఛను' కోసం మాజీలు జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నాక ప్రభుత్వం 2015 సెప్టెంబర్‌లో ఒప్పుకున్న కొద్ది నెలలకే ఈ దినం వచ్చింది.

ఇక నాకిష్టమైన రేమండ్ దగ్గరికి. 1755లో పుట్టాడు. ఇరవై ఏళ్ళకు వ్యాపారం చేద్దామని పాండిచ్చేరిలో దిగాడు. వ్యాపారం సాగలేదు, కత్తి పట్టాడు. 1786 నాటికి రెండో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే కాంట్రాక్టు మీద వచ్చిన విదేశీ నిపుణుడు. కొద్దిమందితో మొదలుపెట్టి పదివేలు దాటిన పటాలాన్ని తయారుచేశాడు. ఫిరంగులు పోయడానికి కార్ఖానా పెట్టించాడు. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని బస్సు దిగే చోట తోప్ కా సాంచా శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేటకు ఆ పేరు వచ్చింది రేమండ్ కొలిమి వల్లే.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం. నిజాం వెనక్కి తగ్గినా రేమండ్ దళం నిలబడి పోరాడిందని ప్రతీతి. అదే ఏడు నిజాం కొడుకు అలీజా తండ్రి మీద తిరగబడితే అణచడానికి వెళ్ళినవాడూ రేమండే. దక్కన్ నడిబొడ్డున అతని సిపాయిలు ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా కింద కవాతు చేసేవాళ్ళు. వాళ్ళ బొత్తాల మీద విప్లవపు స్వేచ్ఛా టోపీ గుర్తు ఉండేదని ఇంగ్లీషువాళ్ళు గాబరాగా రాసుకున్నారు. రాజుల తలలు తెగిన విప్లవం గుర్తు, ఒక రాజు కొలువులో జీతం తీసుకునే సిపాయి చొక్కా మీద! నిజాంకు అదేం పట్టినట్టు లేదు. పటాలం నిలబడుతోందా లేదా అన్నదే ఆయన లెక్క.

ఊరివాళ్ళ లెక్క ఇంకొకటి. హిందువులకు అతను మూసా రామ్, ముస్లింలకు మూసా రహీమ్. అలా ముసారాంబాగ్ వెలిసింది. మెట్రోలో ఎల్బీనగర్ వైపు వెళ్ళేవాళ్ళు రోజూ ఆ పేరు విని తలెత్తకుండా ఫోన్ చూసుకుంటారు. మన నగరం పరాయివాణ్ణి తనవాణ్ణి చేసుకునే తీరుకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మతం అడగలేదు, కాగితాలు అడగలేదు. నోటికి తిరిగే పేరొకటి ఇచ్చి ఇంట్లోకి రానిచ్చింది.

1798 మార్చి 25న రేమండ్ పోయాడు. అతని తర్వాత పిరోన్ అనే అధికారి వచ్చాడు. సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలన్నది షరతు. అక్టోబర్‌లో కంపెనీ సేనలు దళాన్ని చుట్టుముట్టాయి. లోపల సిపాయిలు అప్పటికే జీతాల బకాయిల కోసం సొంత అధికారుల మీదే తిరగబడి ఉన్నారు. అప్పుడు జరిగిన ఒక సంగతి నాకు ఆ ఒప్పందం కంటే విలువైనది. కంపెనీ తరఫున మాట్లాడటానికి వెళ్ళిన జాన్ మాల్కమ్‌ను గుంపు పట్టుకుంది. ఆ గుంపులో ఒకప్పుడు మాల్కమ్ పటాలంలోనే పనిచేసి, వదిలి వచ్చి రేమండ్ దగ్గర చేరిన సిపాయిలు కొందరున్నారు. పాత అధికారిని గుర్తుపట్టి, అతను తమను బాగా చూసుకున్న రోజులు తలుచుకుని, గుంపులోంచి బయటికి లాగి ప్రాణం కాపాడారు. జెండాలు మారినా పాత పటాలం బంధం తెగలేదు. మర్నాడు, అక్టోబర్ 22న, నెత్తురు చుక్క చిందకుండా దళం ఆయుధాలు దింపింది.

దింపాక ఆ వేలమంది ఏమయ్యారు? చరిత్ర పుస్తకాలు వాళ్ళ వెంట పెద్దగా పోలేదు. దొరకు గుట్ట మీద నల్లరాతి స్తంభం దక్కింది. దాని పక్క మంటపం 2001 వానలకు కూలితే మళ్ళీ కట్టారు. సిపాయికి రాయీ లేదు, పేరూ లేదు. స్మారక దినాల చరిత్రలో మొదటి నుంచీ ఉన్న లోటు ఇదే.

అన్నిచోట్లా అలా జరగలేదు. పల్నాడులోని కారెంపూడిలో 12వ శతాబ్దపు యుద్ధ వీరులను కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఇప్పటికీ కొలుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను మోసుకుని వాళ్ళ ఆచారవంతులు ఊళ్ళ నుంచి వస్తారు. మందపోరు నాడు కులాల తేడా లేకుండా చాపకూడు తింటారు. ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేకుండా ఇన్ని శతాబ్దాలు నడిచింది. అందులో దొరా బంటూ ఇద్దరూ ఉన్నారు.

రేమండ్ తర్వాతి నూట ఇరవై ఏళ్ళు గబగబా దాటేద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్ళారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్న అశ్విక బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూర్ దళాలతో పాటు వాళ్ళూ భాగం. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర ఉన్న మూడు సైనిక విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాదీది. ఆ కూడలికి హైఫా పేరు చేర్చిన రోజు కూడా, విచిత్రంగా, 2018 జనవరి 14.

ఆ యుద్ధం ఆగిన నవంబర్ 11 చాలా దేశాల్లో ఇలాంటి స్మారక దినమైంది. మొదట తలుచుకున్నది చనిపోయినవాళ్ళను. తిరిగొచ్చినవాళ్ళను కూడా గౌరవించాలని అమెరికాలో పట్టుబట్టినవాడు అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌కు చెందిన ఒక మాజీ సైనికుడు. 1947లో సొంత ఊళ్ళో ఉత్సవం జరిపాడు. పేరు రేమండ్ వీక్స్. ఇంకో రేమండ్! 1954లో అక్కడి ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది. తర్వాత వరుస సెలవులు కలిసిరావాలని 1971 నుంచి అక్టోబర్‌లో ఒక సోమవారానికి జరిపింది. జనం ఒప్పుకోలేదు. 1978లో మళ్ళీ నవంబర్ 11కే తెచ్చారు. సౌకర్యం కోసం జరిపిన తేదీని మనసు ఒప్పుకోదని అప్పుడు తేలింది.

మన దగ్గర 1949 నుంచి డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం ఉంది. చొక్కాకు చిన్న జెండా గుచ్చుకుని, డబ్బాలో నాలుగు రూపాయలు వేసే రోజు. ఒకప్పుడు బడిపిల్లలందరికీ తెలుసు, ఇప్పటి పిల్లలను అడిగి చూడండి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లోని వీరుల సైనిక స్మారకం దగ్గర అధికారులు పుష్పగుచ్ఛాలు పెడతారు. నగరం ఉత్తర, ఈశాన్యాల్లో కంటోన్మెంటూ సైనిక్‌పురీ ఉన్నాయి గనుక అటువైపు సైనికుడు కనిపిస్తాడు. పడమటి కొస సంగతి వేరు.

ఆ పడమటి కొస పుట్టిన తేదీ 1998 నవంబర్ 22. ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజది. రేమండ్ దళం ఆయుధాలు దింపి సరిగ్గా రెండు వందల ఏళ్ళ ఒక నెల. హైటెక్ సిటీలో ఏ విగ్రహం చూసి సైనికుణ్ణి తలుచుకోవాలి? అక్కర్లేదు, మనిషే ఉన్నాడు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గేట్ల దగ్గర బూమ్ బారియర్ ఎత్తేవాళ్ళలో, కంట్రోల్ రూముల్లో కెమెరాలు చూసేవాళ్ళలో మాజీ సైనికులున్నారు. దేశంలో ఏటా సుమారు 60 వేల మంది సైన్యం నుంచి విరమిస్తారు. జవాన్లలో చాలామందికి అప్పటికి నలభై కూడా నిండవు. పిల్లల చదువులు సగంలో ఉంటాయి, రెండో ఉద్యోగం తప్పదు. రక్షణ శాఖ కింది పునరావాస డైరెక్టరేట్ మాజీల సెక్యూరిటీ ఏజెన్సీలను నమోదు చేసుకుని పనికి సిఫారసు చేస్తుంది. సియాచిన్‌లో కాపలా కాసినవాడు ఇక్కడ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి ఐడీ కార్డు చూపించమంటే, ఆ కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండా చూపిస్తాడు.

జనవరి 14న ఆ కుర్రాడు ఊళ్ళో ఉండడు. విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. సైబర్ టవర్స్ కూడలి ఖాళీ అవుతుంది. భవనాలకు కాపలా తప్పదు గనుక డ్యూటీలో మిగిలేది గేటు మనిషి. అంటే మాజీ సైనికుల దినం నాడు ఐటీ కారిడార్ మాజీ సైనికుల చేతుల్లోనే ఉంటుంది, వాళ్ళను పలకరించేవాడు మాత్రం ఉండడు. ఇంతటి వైచిత్రి రాసి పెట్టినా కుదరదు.

తేదీ మార్చమని నేననను, అమెరికా అనుభవం చాలు. కంపెనీలు చేయగలిగింది చిన్నపని. గేటు దగ్గర పనిచేసే మాజీల జాబితా ఏజెన్సీ దగ్గరే ఉంటుంది. వాళ్ళ పేరు, హోదా, పటాలం వివరాలు ఆఫీసు బోర్డు మీద పెట్టండి. ఆ రోజు డ్యూటీ చేసేవారికి రెట్టింపు జీతం ఇవ్వండి. పండుగకు ఊరెళ్ళేవాళ్ళు పెద్దలకు పెట్టుకునేటప్పుడు మీ ఊరి సైనికులనూ తలుచుకోండి. బయల్దేరే ముందు, బారియర్ ఎత్తిన మనిషిని ఏ రెజిమెంటని అడగండి. జవాబు వినేదాకా ఆగండి.