పటాలలో కోరంగి తీరం

తరగతి గదిలో వ్రేలాడే పటంలో గోదావరి సముద్రంలో కలిసేచోట తీరం ఒక నీలిగీత. ఆ గీత ఎన్నడూ కదలదని విద్యార్థి నమ్ముతాడు. యానాం, కోరంగి పరిసరాల చరిత్రను పటాలతో సరిచూసినవారికి ఆ నమ్మకం నిలువదు.

క్రీ.శ. 2వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఆంధ్రతీరాన్ని మైసోలియా అని పేర్కొన్నాడు. ఆయన లెక్కలను అనుసరించి గీసిన పటాలలో మన ద్వీపకల్పం త్రికోణాకృతిని కోల్పోయి దాదాపు చదునుగా కనిపిస్తుంది. అంతమాత్రాన ఆయన చెప్పిన స్థలనామాలను తోసిపుచ్చరాదు. ఆయన కంటకోసిల అన్న వర్తకస్థానం కృష్ణాజిల్లాలోని ఘంటసాలయే అని పండితులు గుర్తించారు. ఆ రేవు నేడు సముద్రానికి ఎంతో దూరాన, పొలాల నడుమ ఉన్నది. నదులు తెచ్చిన ఒండ్రుమట్టి తీరాన్ని తూర్పుకు జరిపినది.

18వ శతాబ్దిలో గౌతమీ ముఖద్వార ప్రాంతాన ఇంజరంలో ఆంగ్లేయులు, యానాంలో ఫ్రెంచివారు, జగన్నాథపురంలో డచ్చివారు స్థావరాలు నెలకొల్పుకున్నారు. ఇంత ఇరుకు చోట ముగ్గురు! నీటిలోతు తెలియక ఓడ రేవు చేరదు గనుక పటం వారికి ప్రాణావసరం. 1752లో భారతదేశపటాన్ని వెలువరించిన ఫ్రెంచి పండితుడు దాన్విల్ ఈ దేశానికి వచ్చినవాడు కాడు. ఇతరుల వ్రాతలను పోల్చి గీశాడు. తీరం వెంట తిరిగి కొలిచినవాడు మైకేల్ టాపింగ్. 1794లో మద్రాసులో ఆయన నెలకొల్పిన సర్వే పాఠశాలయే క్రమంగా గిండీ ఇంజనీరింగు కళాశాలగా ఎదిగినది.

ఆనాడు కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో తుపాను వేళ మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి దానిని ముంచివేశాయి. 1839 నవంబరులో మరో తుపాను విరుచుకుపడినది. మిగిలినదానిని ఇసుకమేటలు పూడ్చగా వర్తకం కాకినాడకు తరలినది. పటంలో పెద్ద అక్షరాల కోరంగి చిన్న గ్రామమై పోయినది. విచిత్రమేమంటే, రేవు పోయినా పేరు పోలేదు. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలనే పిలిచారు.

సముద్రం తీసుకొనుటయే గాక ఇచ్చినది కూడా ఉన్నది. గోదావరి ఇసుకతో గత రెండు శతాబ్దాలలో పెరిగిన హోప్ దీవి సుమారు 16 కిలోమీటర్ల పొడవున కాకినాడ అఖాతానికి అడ్డుగోడవలె నిలిచి, కెరటాల తాకిడి తగ్గిస్తున్నది. పాత పటాలలో దానిని వెదకుట వ్యర్థం.

1988లో ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహ ప్రయోగం తరువాత ఈ తీరాన్ని మన ఉపగ్రహాలే చిత్రిస్తున్నవి. ఆ కృత్రిమ వర్ణచిత్రాలలో చెట్లు పచ్చగా గాక ఎర్రగా కనిపించుట చూసి పిల్లలు మొదట తెల్లబోతారు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవి ఆ చిత్రాలలో చిక్కని ఎరుపు. ఒకప్పుడు ఓడలు మరమ్మతుకు చేరిన కోరంగి పాయ ఆ ఎరుపు నడుమ సన్నని నల్లదారం.