నల్లపావుల రక్షణ: వలెన్సియా నుండి ఓరుగల్లు వరకు

చదరంగమున మొదటి ఎత్తు తెల్లపావులది. నల్లపావులు దానికి బదులు చెప్పవలెను. అట్టి బదులులలో ఒకదాని కథను, అది మన ఓరుగల్లు యువకుని చేత ఫలించిన తీరును శ్రోతలకు మనవి చేయుదుము.

దానిని స్కాండినేవియన్ రక్షణ యందురు. సెంటర్ కౌంటర్ యనియు పేరు. తెల్లరాజు ముందరి బంటు రెండు గళ్లు నడువగానే నల్లమంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడిపి, దానిని చంపుటకు సిద్ధమగును. తెల్లబంటు ముందుగా చంపును. నల్లమంత్రి స్వయముగా బయలుదేరి దానిని చంపును. అంతలో తెల్లగుర్రము మీదికి వచ్చును, మంత్రి తొలగవలెను. ఇట్లు ఒక ఎత్తు వ్యర్థమగునని ప్రవీణులు చాలకాలము శంకించిరి. కంఠస్థము చేయవలసినది తక్కువ గనుక సామాన్యులు దీనిని విడువలేదు.

మంత్రికి నేటి దూరపు నడక కలిగిన పిమ్మట మనకు దక్కిన తొలి ఆట, సుమారు 1475లో స్పెయిన్ దేశపు వలెన్సియాలో ఒక కావ్యమున భద్రపరుపబడినది. అందు నల్లపక్షము పట్టినది ఈ రక్షణయే, ఓడినది కూడ. 1995లో న్యూయార్కున ప్రపంచాధిపత్యపు పోటీలో, 14వ ఆటయందు విశ్వనాథన్ ఆనంద్ దీనినే కాస్పరోవుపై ప్రయోగించెను. మంచి స్థితి లభించినను ఓటమి తప్పలేదు.

2024 సెప్టెంబరు 22న బుడాపెస్టు ఒలింపియాడులో చివరిదైన 11వ పోటీ. అప్పటికి భారతజట్టుకు 19 పాయింట్లు, చైనాకు 17. స్లొవేనియాతో డ్రా యైనను స్వర్ణము మనదే. అట్టి వేళ నెమ్మదిగా ఆడుటయే మేలని తోచుట సహజము. కాని 2003లో వరంగల్లున జన్మించిన ఎరిగైసి అర్జున్, మూడవ బల్లపై నల్లపావులతో యాన్ షుబెల్‌కు ఎదురై, ఆరంభముననే సమత్వమును చెదరగొట్టు ఈ రక్షణనే ఎంచుకొని గెలిచెను. గుకేశ్, ప్రజ్ఞానంద కూడ గెలిచిరి. ఫలితము 3.5–0.5. ఓపెన్ విభాగమున మన దేశమునకు ఒలింపియాడు స్వర్ణము అదియే మొదటిది. ఆ జట్టున గుంటూరు వాడైన పెంట్యాల హరికృష్ణయు ఉండెను. అర్జున్ 11 ఆటలలో 10 పాయింట్లు సాధించి మూడవ బల్ల స్వర్ణమును గైకొనెను. ఆ డిసెంబరు జాబితాలో 2801 రేటింగుతో, ఆనంద్ తరువాత 2800 దాటిన రెండవ భారతీయుడయ్యెను.

ఐదు శతాబ్దములకు పైగా శంకకు లోనైన ఎత్తే ఇది. మార్గము పాతదైనను, నడచువాని ధైర్యమును బట్టియే గమ్యము. డ్రా చాలునన్న నాడు గెలుపును కోరిన ఆ తెగువయే మనము గుర్తుంచుకొనదగినది.