నర్సమ్మ ఎవరికి సహాయకురాలు?

విజయనగరంలో ‘ఘోషాసుపత్రి’ అంటే ఇప్పటికీ చిరునామా చెప్పక్కర్లేదు. పరదా దాటని స్త్రీల కోసం పుట్టిన పేరది. ఘోషా పాటించే స్త్రీకి పురుడు పొయ్యాలంటే ఘోషా పాటించని మరో స్త్రీ కావాలి కదా! ఆ రెండో స్త్రీ పేరు మీద ఏ ఆసుపత్రీ లేదు. రక్తం, మైల ముట్టుకునే పని కనక పరువు గల ఇళ్లవాళ్లు చాలాకాలం కూతుళ్లని పంపలేదు. దేశమంతటా మొదట వచ్చినవాళ్లలో క్రైస్తవ స్త్రీలు, వితంతువులే ఎక్కువ.

ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1926లో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. శిక్షణ కాగితం లేని మంత్రసాని అనుభవం లెక్కలోకి రాలేదు. 1946లో భోర్ కమిటీ నర్సుల కొరత ఎంత ఘోరంగా ఉందో చెప్పింది. పూర్తి నర్సు తయారయ్యేదాకా పల్లెలు ఆగలేవని 1950ల మొదట్లో రెండేళ్ల పొట్టి చదువు పెట్టారు. అదే ఏఎన్ఎం, సహాయక నర్సు-మంత్రసాని. అమెరికాలో లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సుది కూడా ఇలాంటి పొట్టి చదువే, దాదాపు ఏడాది. కానీ ఆమె పైన రిజిస్టర్డ్ నర్సో డాక్టరో ఉంటారు. మన సబ్‌సెంటర్లో ఎవరుంటారు?

1973లో కర్తార్ సింగ్ కమిటీ ఈమెని ‘బహుళార్థ’ కార్యకర్తని చెయ్యమంది. పురుళ్లకి తోడు టీకాలు, మలేరియా, కుటుంబ నియంత్రణ, రిజిస్టర్లు. పని ఇంత పెరిగాక 1977లో శిక్షణని పద్దెనిమిది నెలలకి తగ్గించారు! ఆడవాళ్ల పనికి చదువెందుకులే అనుకున్నారో ఏమో. పైగా ఆపరేషన్ల టార్గెట్లు. సాటి ఆడవాళ్ల గర్భసంచుల లెక్క ఆమె ఉద్యోగానికి ముడిపడింది. 1996లో టార్గెట్లు ఎత్తేసేదాకా కాగితం మీదైనా అదే నడిచింది.

2012-13 సవరణతో చదువు మళ్లీ రెండేళ్లయింది, చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. పదో తరగతి చాలదు, ఇంటర్ కావాలి. పరీక్ష పాసై, రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్టరైతేనే అర్హత. మంచిదే. కాకపోతే సీతంపేట కొండల్లో సవర, జాతాపు ఆడపిల్ల ఇంటర్ దాకా రావడమే ఒక యుద్ధం. గెలిచినా 2005 తర్వాత చాలామందికి దక్కింది కాంట్రాక్టు కొలువే. 2019లో గ్రామ సచివాలయాల్లో వచ్చిన పోస్టుకి గ్రేడ్-3 అని పేరు.

మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్, కొండల్లో 3,000 మందికి. తక్కువేగా అనిపిస్తుంది. ఆ మూడువేలమంది ఒక్క ఊళ్లో ఉండరు, దారుల్లేని గూడేల్లో చెదిరి ఉంటారు. గర్భిణిని డోలీలో దించుతుంటే నొప్పులు దారిలోనే ముదురుతాయి. మోసేవాళ్లు డోలీ దించి, నర్సమ్మ ఏం చెబుతుందా అని చూస్తారు.