నా పరపతి: మైనస్ ఒకటి

కారు కొందామనుకునే నాటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. బ్యాంకులో కొంత డబ్బుంది. ఎవరికీ రూపాయి బాకీ లేను. అనువాదాలు, సబ్‌టైటిళ్ళు చేసుకుని బతికేదాన్ని, ఏటా రిటర్నులు వేసేదాన్ని. అమ్మానాన్నలు బందరు వదిలి హైదరాబాదులో నా దగ్గరికి వచ్చేశాక, మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆటో ఎక్కలేక దిగలేక అవస్థ పడుతుంటే, చిన్నదైనా ఒక కారు ఉండాలనిపించింది. ఏడు లక్షల చిల్లర. రెండు లక్షలు చేతినుంచి పెట్టుకుని మిగతాది అప్పు తీసుకుందామని లెక్క.

షోరూమ్‌లో కుర్రాడు "పదివేలు కట్టి బుక్ చేసేయండి మేడమ్, లోన్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఎందుకో చెయ్యాడలేదు. ముందు అప్పు ఖాయం చేసుకుని తర్వాతే బుక్ చేద్దామని, పన్నెండేళ్ళుగా ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్ళాను. ఆఫీసరు పాన్ నంబరు కొట్టి కంప్యూటర్ నా వైపు తిప్పాడు. స్కోరు ఉండాల్సిన చోట -1 అని ఉంది.

"నేనేమైనా ఎగ్గొట్టానా?" అన్నాను.

"అబ్బే, అదేం లేదు. మీరు అసలెప్పుడూ తీసుకోలేదు కదా. మీ గురించి మాకేం తెలీదన్నమాట. మీవారిని గానీ నాన్నగారిని గానీ కో-అప్లికెంట్‌గా పెట్టండి, చూద్దాం."

మావారంటూ ఎవరూ లేరు. నాన్న హైస్కూలు మేష్టారుగా రిటైరయ్యారు. అప్పు చేయకపోవడమే తన ఆస్తి అనుకునే మనిషి. ఆయన నంబరు కొడితే అక్కడా -1. ఇంటికొచ్చి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ముప్ఫై ఏళ్ళు సర్వీసు చేశాను. బందరులో ఎవర్నడిగినా చెబుతారు కదమ్మా నా సంగతి" అన్నారు.

ఆయన మాటలోనే ఉంది అసలు విషయం. ఎవర్నడిగినా చెబుతారు. నిజమే, కానీ ఇప్పుడు అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అడగడం ఎప్పుడు మానేశారు, ఆ పని కాగితానికీ కంప్యూటర్‌కీ ఎలా వెళ్ళింది అని వెతుక్కుంటూ పోతే, వచ్చిన కథ ఇది.

తెలుగులో క్రెడిట్‌కి ఒక మంచి మాట ఉంది: పరపతి. ఊళ్ళో పరపతి ఉన్నవాడంటే నలుగురిలో మాట చెల్లేవాడు. అదే మాట 'సహకార పరపతి సంఘం' బోర్డు మీదికెక్కితే దానికి అర్థం అప్పు. పలుకుబడి, అప్పు ఒకే మాటలో ఇమిడిపోవడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. మన పల్లెల్లో అప్పు పుట్టేది పలుకుబడిని బట్టే.

ఆ సంఘాల వెనక ఉన్న కథ మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే మొదలవుతుంది. రైతుల్ని వడ్డీవ్యాపారుల చేతుల్లోంచి తప్పించే దారి చూడమని ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి పని అప్పగిస్తే, ఆయన 1895లో ఒక సంపుటం, 1897లో ఇంకో సంపుటం నివేదికగా ఇచ్చాడు. జర్మనీలో రైఫైజెన్ నడిపిన పల్లె సంఘాల పద్ధతి ఆయనకి నచ్చింది. ఆ పద్ధతిలో కిటుకు ఒక్కటే: సంఘం ఒక ఊరికే పరిమితం, బాధ్యత మాత్రం అందరిదీ. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ళ మీద పడుతుంది కాబట్టి ఎవడు తాగుతాడో, ఎవడు కష్టపడతాడో ఇరుగుపొరుగే కనిపెట్టుకుని ఉంటారు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. పల్లెల్లోని సంఘాలకి ఈ పద్ధతే పెట్టారు.

ఆ చట్టంలో సంఘం ఎవరు పెట్టుకోవచ్చో చెప్పే నిబంధన చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఒకే ఊరివాళ్ళో, లేదా ఒకే తెగ, వర్గం, కులానికి చెందినవాళ్ళో అయి ఉండాలి. తెలిసినవాళ్ళు అంటే ఎవరో చట్టమే అంత నిక్కచ్చిగా రాసిపెట్టింది. ఊరి చివర ఉన్నవాడి గురించి ఊరికి ఏం తెలుసు? తెలిసినా, మంచిగా చెబుతుందా? ఆడమనిషికి తన పేరున పరపతి ఎక్కణ్ణుంచి వస్తుంది? "ఎవర్నడిగినా చెబుతారు" అనగలగడం కూడా అందరికీ ఉన్న సౌకర్యం కాదు.

ఊరు దాటితే ఆ తెలియడం పనికిరాదు. ఈ చిక్కు అమెరికాకి మనకన్నా ముందే వచ్చింది. న్యూయార్క్ టోకు వర్తకులు ఎక్కడో వందల మైళ్ళ దూరంలో ఉన్న కొట్లవాళ్ళకి సరుకు అరువిచ్చేవాళ్ళు. 1837లో వచ్చిన ఆర్థిక సంక్షోభంలో అలాంటి వర్తకులు చాలామంది మునిగారు. మునిగినవాళ్ళలో పట్టు వ్యాపారం చేసే టాపన్ సోదరులు కూడా ఉన్నారు. వాళ్ళలో లూయిస్ టాపన్ బానిసత్వం పోవాలని పోరాడినవాడు. అతను 1841లో మర్కంటైల్ ఏజెన్సీ పెట్టాడు. ఊరూరా ఉన్న ప్లీడర్లూ తదితరులూ అక్కడి కొట్లవాళ్ళ సంగతులు రాసి పంపితే, వాటిని పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించి, చందా కట్టినవాళ్ళకి చదివి వినిపించేవాళ్ళు. తర్వాత ఆర్. జి. డన్ చేతికి వెళ్ళిన ఆ పుస్తకాలు రెండున్నర వేలకు పైగా ఇప్పటికీ హార్వర్డ్‌లోని బేకర్ లైబ్రరీలో ఉన్నాయి. ఆస్తి ఎంత, తాగుడు ఉందా, నడవడిక ఎలాంటిది — అన్నీ రాసేవాళ్ళు. పల్లె రచ్చబండ మీద మాట్లాడుకునేదే, కాకపోతే దస్తూరీలో.

టాపన్ పుస్తకాలు వ్యాపారుల గురించి. మామూలు మనిషి ఇంత పెద్ద అప్పులోకి దిగింది మాత్రం కారు వల్లనే. 1919లో జనరల్ మోటార్స్ తన కార్లు వాయిదాల మీద అమ్మడానికి ప్రత్యేకంగా ఒక ఫైనాన్సు సంస్థ పెట్టింది. హెన్రీ ఫోర్డ్‌కి అప్పంటే గిట్టదు. ఆయన కంపెనీ 1923లో ఒక పథకం పెట్టింది. వారానికి ఐదు డాలర్లు కడుతూ పోతే, మొత్తం ధర పూర్తయ్యాక కారు చేతికిస్తారు. మా అమ్మ కట్టిన చీటీలాంటిదన్నమాట, పాట మాత్రం లేదు. జనం ఓపిక పట్టలేదు. ముందు కారు, తర్వాత డబ్బు అన్నవాడి దగ్గరికే పోయారు. 1928లో ఫోర్డ్ కూడా వాయిదాల సంస్థ పెట్టక తప్పలేదు.

లక్షలమందికి అప్పులిస్తే లక్షలమంది గురించి ఫైళ్ళు కావాలి. 1899లో అట్లాంటాలో పుట్టిన రిటైల్ క్రెడిట్ కంపెనీ అవి పోగేసింది. 1960లకి వచ్చేసరికి జనాల ఇంటిగుట్లు కూడా అందులో చేరాయని గొడవైంది. 1970లో వచ్చిన చట్టంతో ఎవరి ఫైలులో ఏముందో తెలుసుకునే హక్కు వాళ్ళకి వచ్చింది. 1975లో ఆ కంపెనీ పేరు మార్చుకుంది. కొత్త పేరు ఈక్విఫాక్స్. ఇప్పుడు మన దేశంలో రుణచరిత్రలు దాచే నాలుగు సంస్థల్లో అదీ ఒకటి.

నాకు బాగా తగిలిన సంవత్సరం మాత్రం 1974. అప్పు ఇచ్చేటప్పుడు ఆడా మగా అనీ, పెళ్ళయిందా లేదా అనీ తేడా చూపకూడదని అమెరికాలో చట్టం వచ్చిన ఏడాది అది. అప్పటిదాకా అక్కడ సంపాదించుకునే ఆడవాళ్ళని కూడా చాలా చోట్ల భర్త సంతకం తెమ్మనేవాళ్ళు. జాతి, రంగు లాంటివి ఆ జాబితాలో చేరడానికి 1976 దాకా ఆగాల్సివచ్చింది. మనిషి ముఖం చూడకుండా అంకెల్నే చూసే స్కోరు మంచిదన్న వాదనకి బలం ఇక్కణ్ణుంచే వచ్చింది. 1956లో ఫెయిర్, ఐజాక్ అనే ఇద్దరు మొదలుపెట్టిన లెక్క, 1989లో అందరు రుణదాతలూ వాడగలిగే ఫైకో స్కోరుగా తేలింది. అంకెకి కులం తెలీదు, మొగుడున్నాడా అని అడగదు. నిజానికి ఇది చిన్న విషయం కాదు.

మన దగ్గర కథ వేరు. 1983లో మారుతి 800 బుకింగులు తెరిస్తే, లక్షమందికి పైగా తలా పదివేలు ముందే కట్టి నిలబడ్డారు. అప్పట్లో కొనేవాడే కంపెనీకి అప్పిచ్చినట్టు! మన పరపతి గురించి ఎవరూ అడగలేదు, కారు వస్తుందా రాదా అని మనమే అడిగాం. కార్లు పెరిగి, అప్పులు పెరిగాక ఫైళ్ళ అవసరం వచ్చింది. సిద్దిఖీ అధ్యక్షతన రిజర్వుబ్యాంకు వేసిన బృందం 1999లో ఇచ్చిన నివేదిక తర్వాత, 2000లో సిబిల్ పుట్టింది, 2004లో పని మొదలుపెట్టింది. 2005లో చట్టం వచ్చింది. ఎవరి రిపోర్టు వాళ్ళు ఏడాదికోసారి ఉచితంగా చూసుకునే వీలు 2017 నుంచి ఉంది. నేను ఒక్కసారీ చూసుకోలేదు, అది వేరే సంగతి.

ఇదంతా నాన్నకి చెబుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"అప్పు చేయలేదు, చేయలేదు అంటారేంటి? దీని కాలేజీ ఫీజుకి నా గాజులు సేటు కొట్లో పెట్టి తెచ్చింది అప్పు కాదా? పద్నాలుగు నెలల్లో విడిపించలేదూ? ఇరవయ్యేళ్ళు చీటీ కట్టాను, ఒక్క నెల తప్పానా?"

నాన్న ఏమీ అనలేదు. నాకప్పుడు అర్థమైంది. మా ఇంటికి రుణచరిత్ర లేకపోవడం కాదు, ఉన్నదంతా అమ్మది. అది తాకట్టు కొట్టు చీటీలోనూ, చీటీలు వేసే ఆవిడ నోటుపుస్తకంలోనూ ఉంది. అటు ఊరి రచ్చబండా లెక్కపెట్టలేదు, ఇటు కంప్యూటరూ లెక్కపెట్టలేదు. అంకెకి కులం తెలియకపోవచ్చు. కానీ దాని ముందుకు ఏ కాగితాలు వస్తాయి, ఎవరివి రావు అన్నది మళ్ళీ పాత లెక్క ప్రకారమే జరుగుతోంది. బ్యాంకు గడప ఎప్పుడో తొక్కినవాడికే చరిత్ర. తెలియనివాడు, నమ్మరానివాడు — ఈ రెండూ ఒకటి కావు. ఆ -1కి నిజంగా మొదటి అర్థమే ఉంది. కౌంటరు దగ్గర అది రెండో అర్థంలోకి జారిపోతుంది.

ఈ తేడా రిజర్వుబ్యాంకుకీ తెలుసు. మొదటిసారి అప్పడిగేవాళ్ళని, చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పిపంపకూడదని 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో బ్యాంకులకి చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్థికశాఖ ఆ సంగతి పార్లమెంటులోనూ గుర్తుచేసింది. ఇది నాకు తెలిసేసరికి నా దారి నేను వెతుక్కున్నాను.

ఆ దారిలో గొప్పేం లేదు. ఏభై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాను. నా డబ్బే తాకట్టుపెట్టి నేనే అప్పు తెచ్చుకోవడం! నెలనెలా కూరగాయలూ కరెంటు బిల్లూ దాని మీద కట్టి, గడువుకి ముందే మొత్తం తీర్చేదాన్ని. కనపడిన బ్యాంకులన్నిట్లో దరఖాస్తులు పెట్టలేదు, ప్రతి విచారణా రిపోర్టులో నమోదవుతుంది కాబట్టి. షోరూమ్‌లో అడ్వాన్సు కట్టకుండా కొటేషన్ మాత్రం రాయించుకున్నాను. ఎనిమిది నెలలకి మూడంకెల స్కోరొకటి కనపడింది. మూడేళ్ళ రిటర్నులు, కొటేషన్ పట్టుకుని అదే ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి మీవారేరీ అని అడగలేదు. మంజూరు లెటరు చేతికొచ్చాకే బుకింగ్ పదివేలు కట్టాను.

ఆర్‌సీ కార్డు వచ్చిన రోజు నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. నా పేరుతో పాటు బ్యాంకు పేరూ ఉంది, హైపోథికేషన్ అని.

"ఇదెప్పుడు పోతుంది?"

"అప్పు తీరాక. బ్యాంకువాళ్ళు ఫారం 35 ఇస్తారు, ఆర్టీవో ఆఫీసులో ఇస్తే తీసేస్తారు."

"చెల్లు వేయడం అన్నమాట" అన్నారు. తాతగారు తీరిన ప్రోనోట్ల వెనక చెల్లు రాయించుకుని ట్రంకుపెట్టెలో దాచేవారట.

ఆదివారం అమ్మని ముందు సీట్లో కూచోబెట్టి ట్యాంక్‌బండ్ దాకా తీసుకెళ్ళాను. దారిలో అమ్మ అడిగింది, "ఆ కార్డేదో నా పేరునా ఒకటి తీసుకోవచ్చా?" అని. సోమవారం తన పాన్ కార్డు వెతికి బల్లమీద పెట్టింది.