బొగ్గుబస్సుల కాలము

మదరాసునుండి తిరుపతికి పోవు బాటలో నగరి యున్నది. ఊరి దాపున నున్న కొండకొనకు ‘నగరి ముక్కు’ అని పేరు. సముద్రముమీది నావికులు సైతము దానిని ఆనవాలుగా పెట్టుకొనెడివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున చిత్తూరు జిల్లా మదరాసు రాజధానిలోనిది. ఆ రాజధాని రోడ్లమీద నాడొక వింత వాహనము తిరిగెడిది. దాని కొక నిలువు ఇనుప పీపా, అందులో కణకణలాడు బొగ్గు! జనులు దానిని బొగ్గుబస్సు అనిరి. మీ యింట తొంబది దాటిన పెద్దలున్నచో అడిగి చూడుడు.

1941లో పెట్రోలుకు రేషను వచ్చినది. 1942 మార్చిలో రంగూను జపాను వశమయ్యెను. ఆ మరుసటి నెలలో బ్రిటిషువారు బర్మా నూనెబావులను తామే ధ్వంసము చేసి వెనుదిరిగిరి. బర్మా బియ్యము రాకపోవుట అందరును చెప్పుకొందురు గాని, బర్మా చమురు మాట తలచువారు తక్కువ. ఆ కరవులో మదురలోని టి. వి. సుందరం అయ్యంగారి సంస్థ బస్సులకు గాసు ప్లాంటును తయారుచేసినది.

దాని కిటుకు సులభమే. చాలినంత గాలి తగిలిన బొగ్గు పూర్తిగా కాలి బూడిదయగును. గాలిని కొలిచి యిచ్చినచో, పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఎర్రని బొగ్గులగుండ పోవుచు కార్బన్ మోనాక్సైడుగా మారును. అది మండును. దానిని చల్లార్చి, మసి వడగట్టి, ఇంజనునకు పంపుదురు. కాని ఆ గాసులో సగము మండని నత్రజనియే. అందుచే ఇంజను బలము మూడవవంతునకు పైగా తగ్గును. ఎత్తులు వచ్చినచోట ప్రయాణికులు దిగి తోయవలసినదే. తెల్లవారకమునుపే క్లీనరు ఫాను త్రిప్పి నిప్పు రాజవేయవలెను. ఆ గాసుకు రంగు లేదు, వాసన లేదు. కాని ప్రాణము తీయగలదు. ఈ బస్సుల కథలో డ్రైవరుకన్న క్లీనరే నాకు పెద్దగా కనబడును.

ఇక అడవి లెక్క. లీటరు పెట్రోలు పనికి సుమారు కిలోన్నర బొగ్గు కావలెను. మట్టి కప్పిన బట్టీలో కట్టెను గాలి తగులకుండ మ్రగ్గబెట్టి బొగ్గు చేయుదురు. కిలో బొగ్గుకు నాలుగైదు కిలోల కట్టె పోవును. అనగా లీటరు పెట్రోలుకు మారుగా ఆరేడు కిలోల కట్టె! కట్టెలోని శక్తిలో సగమునకు మించి బస్సు నెక్కకమునుపే బట్టీ పొగలో కలిసిపోయెడిది.

మరి కట్టెనే పీపాలో వేయరాదా? పచ్చి కట్టెనుండి తారు పుట్టి ఇంజను కవాటములను పట్టివేయును. ఈ చిక్కును ఆల్సేసుకు చెందిన జార్జి ఇంబేర్ 1920ల నాటికే విప్పెను. గాసును పైకి గాక, క్రిందికి, మిక్కిలి వేడిగానున్న నిప్పుగుండ లాగినచో తారు అక్కడనే విరిగి గాసై పోవును. లీటరుకు మూడు కిలోల కట్టె చాలును. యుద్ధాంతమునకు జర్మనీలో ఇటువంటి గాసు వాహనములు ఐదు లక్షల వరకు నుండెనందురు.

యుద్ధము ముగిసి పెట్రోలు రాగానే పీపాలు ఊడినవి. ఎవరు మాత్రము వద్దనగలరు? 1980లలో బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటువారు ఈ విద్యను మరల చేపట్టిరి. ఈసారి బస్సుకు గాదు, పల్లె దీపములకును నీటి పంపులకును. కట్టెకు బదులు వరిఊకను గూడ వాడవచ్చును. అయితే ఊకలో అయిదవవంతు బూడిదయే. దానిని ఎప్పటికప్పుడు తీయుటయే పెద్ద పని.