ట్రాక్టరు ఇంజను కంప్యూటరు

ట్రాక్టరు ఇంజను కంప్యూటరు అనగా డీజిలు ఇంజనులోనికి ఏ క్షణాన ఎంత ఇంధనం పోవలెనో లెక్కగట్టి, ఆ ప్రకారం ఇంజెక్టర్లను తెరచి మూసే ఎలక్ట్రానిక్ పరికరం. సాంకేతిక గ్రంథాలలో దీనిని ఇంజను కంట్రోల్ యూనిట్ (ఇ.సి.యు.) అంటారు. మెకానికులు ఇ.సి.ఎం. అనీ, రైతులు "కంప్యూటరు" అనీ పిలుస్తారు. ఈ కంప్యూటరులోని సమాచారాన్ని చదువుట ఒక పని, దానిలోని ప్రోగ్రామును మార్చి వ్రాయుట మరొక పని. ఈ రెంటినీ ఒకటిగా భావించుట వలన చాలా అపోహలు ఏర్పడుచున్నవి. మొదటిది మరమ్మతుకు తప్పనిసరి. రెండవది చాలా సందర్భాలలో అనవసరం, కొన్ని సందర్భాలలో ప్రమాదకరం. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల సేద్యాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం ఆ రెంటినీ వివరిస్తుంది. (2016 అక్టోబరు 11న ఈ జిల్లాలు విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కొమరం భీమ్ ఆసిఫాబాద్ మొదలగు జిల్లాలు ఏర్పడినవి.)

నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ ప్రాంతపు ట్రాక్టర్లలో ఇంధనాన్ని కొలిచే పని పూర్తిగా యాంత్రిక పంపుదే. 1951లో బెంగుళూరులో స్థాపించబడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అనగా మైకో, ఈ పంపులను తయారుచేసినది. 2008లో ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినప్పటికీ పల్లెలలో "మైకో పంపు" అనే మాట పోలేదు. ఈ పంపులో గవర్నరు అనే భాగం ఉంటుంది. నాగలి గట్టినేలలో దిగి ఇంజను వేగం తగ్గినపుడు గవర్నరులోని బరువులు లోపలికి ముడుచుకొని, స్ప్రింగు ఇంధనపు కడ్డీని ముందుకు జరుపుతుంది. వేగం పెరిగితే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది.

గరిష్ఠ ఇంధనాన్ని నిర్ణయించే స్క్రూకు కర్మాగారంలోనే సీలు వేస్తారు. ఆ సీలు తెంచి స్క్రూను కొద్దిగా త్రిప్పి "పికప్" పెంచుట పాత అలవాటు. నల్లని పొగ, వేడెక్కే ఇంజను, పెరిగిన డీజిలు ఖర్చు దాని ఫలితాలు. నేడు రీమ్యాపింగు అని పిలువబడే పని నిజానికి ఈ స్క్రూ త్రిప్పుటకు కొత్త రూపమే.

యాభై అశ్వశక్తుల హద్దు

ట్రాక్టరులోనికి కంప్యూటరు రావడానికి ముఖ్య కారణం ఉద్గార నియమాలు. మన దేశంలో ట్రాక్టర్ల పొగకు సంబంధించిన ప్రమాణాలను ట్రెమ్ అంటారు. ట్రెమ్-3ఎ దశ 37 కిలోవాట్ల లోపు ట్రాక్టర్లకు 2010 ఏప్రిల్ నుండి, ఆ పైవాటికి 2011 ఏప్రిల్ నుండి అమలైనది. ఆ తరువాతి ట్రెమ్-4 దశ 2020 అక్టోబరులో మొదలు కావలసి యుండగా పలుమార్లు వాయిదా పడి, 2023 జనవరి 1 నుండి 37 కిలోవాట్లకు, అనగా సుమారు 50 అశ్వశక్తులకు, మించిన ట్రాక్టర్లకు అమలులోనికి వచ్చినది.

ఈ రెండు దశల మధ్య తేడా చిన్నది కాదు. 37 నుండి 56 కిలోవాట్ల తరగతిలో ఒక కిలోవాట్-గంట పనికి 0.4 గ్రాముల వరకు మసి అనుమతింపబడుచుండగా, ట్రెమ్-4లో అది 0.025 గ్రాములకు, అనగా పదహారవ వంతుకు తగ్గినది. అంత కచ్చితమైన ఇంధన కొలత యాంత్రిక పంపుతో సాధ్యం కాదు. అందువలన కామన్ రైల్ పద్ధతి, దానితోపాటు కంప్యూటరు వచ్చినవి.

మన దేశంలో అమ్ముడయ్యే ట్రాక్టర్లలో అధికభాగం 50 అశ్వశక్తుల లోపువే. కనుక ఒక గ్రామంలోని ట్రాక్టర్లను లెక్కించినచో ఇంజను కంప్యూటరు ఉన్నవి కొన్నే కనబడును. బండి అమ్మేవారు గాని, మరమ్మతు చేసేవారు గాని "కంప్యూటరు పోయింది" అని చెప్పినపుడు, అసలు ఆ బండిలో ఇంజను కంప్యూటరు ఉన్నదా అన్నది ముందుగా చూడవలసిన విషయం. ఇంజెక్టరు పైకప్పుకు రెండు తీగల ప్లగ్గు ఉంటే అది ఎలక్ట్రానిక్ ఇంజను. కేవలం సన్నని ఇనుప గొట్టం మాత్రమే ఉంటే యాంత్రిక ఇంజను.

చిన్న ట్రాక్టర్లు

ఆదిలాబాదు నల్లరేగడిలో పత్తి సాళ్ళ మధ్య అంతరకృషికి, కూరగాయల తోటలకు 15 నుండి 30 అశ్వశక్తుల చిన్న ట్రాక్టర్లు వాడుతారు. మన దేశంలో ఈ తరగతి ఇంజన్లు సాధారణంగా యాంత్రికమైనవే. అయితే ఎలక్ట్రానిక్ నియంత్రణ ఇంజనును వదలి ఇతర భాగాలలో ప్రవేశించినది. 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదలైన మహీంద్రా ఓజా చిన్న ట్రాక్టర్లు తెలంగాణలోని జహీరాబాదు కర్మాగారంలో తయారగుచున్నవి. వీటిలో కొన్ని నమూనాలలో నాగలి లోతును, పనిముట్టు ఎత్తుటను ఎలక్ట్రానిక్ యూనిట్లు చూసుకొంటాయి.

అమెరికాలో హద్దు ఇంకా క్రింద ఉన్నది. అక్కడ 19 కిలోవాట్లకు, అనగా సుమారు 25 అశ్వశక్తులకు, మించిన చిన్న ట్రాక్టర్లకు కూడా కఠిన నియమాలు 2013 నుండి వర్తిస్తున్నవి. కనుక అక్కడ చిన్న ట్రాక్టరు ఇంజను కంప్యూటరును మార్చి వ్రాయుట ఒక వ్యాపారంగా ఎదిగినది. ఒకే ఇంజనును వేరువేరు ప్రోగ్రాములతో వేరువేరు అశ్వశక్తులకు అమ్మే పద్ధతి దీనికి ఊతమిచ్చినది. మన దేశంలో తరువాతి దశయైన ట్రెమ్-5 చిన్న ట్రాక్టర్లను కూడా తన పరిధిలోనికి తెచ్చేలా రూపొందించబడినది. దానిని 2024లో అమలు చేయవలెనని తలచి వాయిదా వేశారు.

పనిచేయు విధానం

కామన్ రైల్ ఇంజనులో పంపు ఇంధనాన్ని వేయి బార్‌లకు మించిన ఒత్తిడితో ఒక దృఢమైన గొట్టంలో నిలువచేస్తుంది. క్రాంకు వేగం, నీటి ఉష్ణోగ్రత, రైలు ఒత్తిడి, గాలి ఒత్తిడి, యాక్సిలరేటరు స్థానం మొదలగు సెన్సార్ల విలువలు కంప్యూటరుకు చేరును. కంప్యూటరు తన జ్ఞాపకంలోని పట్టికలను చూసి ఇంజెక్టరు ఎప్పుడు, ఎంతసేపు తెరువవలెనో నిర్ణయిస్తుంది. ఈ పట్టికలనే మ్యాపులు అంటారు. ఎక్కాల పుస్తకంలో అడ్డువరుస, నిలువువరుస కలిసే గడిలోని సంఖ్యను చూసినట్లే, వేగం ఒక వరుసగా, లోడు మరొక వరుసగా ఇంధనపు కొలత దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. యాంత్రిక పంపు ఇంజనులో ఏ సిలిండరు సరిగా మండుట లేదో తెలుసుకొనుటకు, ఇంజను నడుచుచుండగా ఇంజెక్టరు గొట్టపు నట్టును వదులు చేయుట పాత మెకానికులకు అలవాటు. కామన్ రైల్ ఇంజనులో ఆ పని చేయరాదు. ఆ ఒత్తిడితో వెలువడే డీజిలు ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు. పైకి చిన్న చుక్కవలె కనిపించే ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చును.

కంప్యూటరును చదువుట

ట్రాక్టరుపై సీటు దగ్గర గాని, స్టీరింగు ప్రక్కన గాని డయాగ్నస్టిక్ సాకెట్టు ఉంటుంది. భారీ యంత్రాలలో ఇది సాధారణంగా తొమ్మిది పిన్నుల గుండ్రని సాకెట్టు. కార్లలోవలె పదహారు పిన్నుల సాకెట్టు కూడా కొన్నిటిలో ఉన్నది. దీనికి స్కానరు తగిలించి కంప్యూటరుతో మాట్లాడుటను వాడుకలో "స్కానరు పెట్టుట" అంటారు.

సమాచారం క్యాన్ అనే రెండు తీగల మార్గంలో ప్రయాణిస్తుంది. ఈ పద్ధతిని బాష్ సంస్థ 1986లో ప్రకటించినది. మార్గపు రెండు చివరలా 120 ఓముల నిరోధకాలు ఉంటాయి. అవి సమాంతరంగా ఉన్నందున, తాళం తీసివేసి, బ్యాటరీని విడదీసి, గుండ్రని సాకెట్టులోని సి, డి పిన్నుల మధ్య మల్టీమీటరుతో కొలిచినచో సుమారు 60 ఓములు చూపవలెను. 120 చూపితే ఒక చివర తెగినట్లు. సున్నాకు దగ్గరగా చూపితే రెండు తీగలు ఒకదానికొకటి తగిలినట్లు. స్కానరు "కంప్యూటరు దొరకలేదు" అన్నంత మాత్రాన కంప్యూటరు పాడైనదని తీర్మానింపక, ముందు ఈ కొలత తీసుకొనుట మంచిది. సామాన్యమైన మల్టీమీటరే దీనికి చాలును.

తీగలలో ప్రవహించే సందేశాల భాషను జె1939 అంటారు. ట్రాక్టరుకు, పనిముట్టుకు మధ్య సంభాషణకు దీని ఆధారంగా రూపొందిన ఐ.ఎస్.ఓ. 11783 ప్రమాణం వేరుగా ఉన్నది. జె1939లో ఇంజను వేగం 61444 సంఖ్య గల సందేశంలో నాలుగు, ఐదు బైట్లలో వస్తుంది. ఉదాహరణకు నాలుగవ బైటు 224, ఐదవ బైటు 46 అనుకొందము. చిన్న బైటు ముందు వచ్చును గనుక 46ను 256తో గుణించి 224 కలుపగా 12,000 వచ్చును. ఒక్కొక్క అంకెకు 0.125 చొప్పున గుణించినచో ఇంజను వేగం నిమిషానికి 1,500 చుట్లు. నీటి ఉష్ణోగ్రతకు సూత్రం ఇంకా సులువు. వచ్చిన అంకె నుండి 40 తీసివేయవలెను. 125 వచ్చినచో 85 డిగ్రీలు. పదవ తరగతి విద్యార్థి చేయగల ఈ లెక్కలలో రహస్యమేమీ లేదు.

లోపాలు రెండు సంఖ్యలుగా తెలుపబడును. మొదటి సంఖ్య (ఎస్.పి.ఎన్.) ఏ భాగమో చెబుతుంది, రెండవది (ఎఫ్.ఎం.ఐ.) ఏ విధమైన లోపమో చెబుతుంది. 100 అనగా ఇంజనాయిలు ఒత్తిడి. 100 ప్రక్కన 4 ఉంటే సెన్సారు తీగలో వోల్టేజి తక్కువగా ఉన్నది, అనగా తప్పు తీగది గాని సెన్సారుది గాని కావచ్చును. 100 ప్రక్కన 1 ఉంటే ఆయిలు ఒత్తిడి నిజంగానే పడిపోయినది, ఇంజనును తక్షణం ఆపవలెను. డ్యాష్‌బోర్డుపై ఒకే ఎర్రదీపం వెలిగినా, ఈ రెంటికీ అయ్యే ఖర్చులో తేడా వందలకు, లక్షలకు మధ్య తేడా.

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ క్రింద వరినాట్ల వేళ కరిగెట చేసేటపుడు ట్రాక్టరు రోజంతా బురదనీటిలో తిరుగుతుంది. కనెక్టర్లలో తడి చేరుట, నిలిపి ఉంచిన కాలంలో ఎలుకలు తీగలు కొరుకుట, బ్యాటరీ టెర్మినళ్ళకు చిలుము పట్టుట వలన వచ్చే లోపాలు అనేకం. లోపం గుర్తించిన కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గించివేయును. అపుడు కేజి చక్రాలతో ఉన్న బండి మడిలోనే నిలిచిపోతుంది. స్కానరు గల మెకానికు జిల్లా కేంద్రం నుండి వచ్చుటకు రెండు రోజులు పడితే నారు ముదురుతుంది. ఈ పనిలో రైతుకు కలిగే అసలు నష్టం ఇదే. లోపసంఖ్యను ఫోనులో చెప్పగలిగినా సగం పని అయినట్లే.

ప్రోగ్రామును మార్చి వ్రాయుట

తయారీదారు విడుదల చేసిన సవరించిన ప్రోగ్రామును ఎక్కించుట, కొత్త ఇంజెక్టరుపై ముద్రించిన కోడును నమోదు చేయుట సక్రమమైన పనులు. చాలా కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టరు కోడు నమోదు చేయనిచో ఇంజను సమంగా నడువదు. ఈ పనికి కంప్యూటరు తాళం అడుగుతుంది. అది ఒక సంఖ్యను పంపును, దానికి సరియైన జవాబు సంఖ్య వచ్చినచో మాత్రమే వ్రాయనిచ్చును. ఆ సూత్రం తయారీదారు సాఫ్ట్‌వేరులో ఉంటుంది.

వ్రాయుచుండగా విద్యుత్తు ఆగినచో ప్రోగ్రాము సగంలో నిలిచి, కంప్యూటరు పనికిరాకుండా పోవచ్చును. అందుకే పాత బ్యాటరీతో ఈ పని మొదలుపెట్టరాదు. నిలకడైన వోల్టేజి ఇచ్చే సరఫరా జోడించి, ముందుగా ఉన్న ప్రోగ్రామును నకలు తీసి భద్రపరచిన తరువాతే మొదలుపెట్టవలెను. ట్రాలీ కొక్కెమునకో, కేజి చక్రమునకో ట్రాక్టరుపైనే వెల్డింగు చేసేటపుడు బ్యాటరీని, కంప్యూటరు ప్లగ్గును విడదీయుట కూడా ఇంతే ముఖ్యం. 24 వోల్టుల లారీ బ్యాటరీతో స్టార్టు చేయుట అసలే కూడదు.

శక్తి పెంచుటకు చేసే రీమ్యాపింగులో ఇంధన పరిమితిని, రైలు ఒత్తిడిని, టర్బో ఒత్తిడిని పెంచుతారు. అశ్వశక్తులు పెరుగుట నిజమే. కాని రేడియేటరు, పిస్టన్లు, క్లచ్చి, గేరుపెట్టె పాతవే. 45 డిగ్రీల ఎండలో పత్తి ట్రాలీ లాగే ఇంజనుకు ఆ అదనపు వేడిని పోగొట్టే మార్గం లేదు. పెద్ద నమూనాలో అదే ఇంజను ఉన్నదనే వాదన తరచు వినబడుతుంది. పిస్టన్లు, టర్బో, శీతలీకరణ కూడా ఒకటేనా అని ఎవరూ చూడరు. వారంటీ సైతం పోతుంది. మసి వడపోతను తీసివేసి, కంప్యూటరును దానికి తగినట్లు మోసగించుట మరింత తప్పు.

చట్టం

ట్రాక్టర్ల పొగ ప్రమాణాలు 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115ఎ నియమం క్రిందికి వస్తాయి. రిజిస్ట్రేషనులోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుటను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది. ప్రోగ్రాము విషయంలో 1957 కాపీరైటు చట్టం వర్తిస్తుంది. 2012లో చేర్చబడిన 65ఎ సెక్షను సాంకేతిక తాళాన్ని ఛేదించుటను నేరంగా పేర్కొన్నది గాని, కాపీరైటు హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో చేసినచో మాత్రమే. తన బండి లోపం తెలుసుకొనుటకు చదువుకొనే రైతుకు ఈ తేడా ముఖ్యమైనది.

అమెరికాలో చట్టం ఇంతకంటె కఠినం. అక్కడ ట్రాక్టరు యజమాని మరమ్మతు కోసం తాళం తీయుటకు కూడా 2015లో ప్రత్యేక మినహాయింపు పొందవలసి వచ్చినది. కొలరాడో రాష్ట్రం 2023లో చేసిన చట్టం 2024 జనవరి 1 నుండి వ్యవసాయ యంత్రాల మరమ్మతు సాఫ్ట్‌వేరును, విడిభాగాలను, పుస్తకాలను రైతులకు అందుబాటులో ఉంచవలెనని తయారీదారులను నిర్బంధించినది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయమై జాన్ డీర్ సంస్థపై దావా వేసినది.

మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించి, వ్యవసాయ పరికరాలను నాలుగు ముఖ్య రంగాలలో ఒకటిగా గుర్తించినది. ఆ యేడు డిసెంబరు 24న ఒక పోర్టలు కూడా ప్రారంభమైనది. అది సమాచారం ఇచ్చేదే గాని, స్కానరు సాఫ్ట్‌వేరును గ్రామ మెకానికుకు అమ్మవలెనని కంపెనీలను నిర్బంధించేది కాదు.

శిక్షణ

ఐ.టి.ఐ.లలో మెకానిక్ డీజిల్, మెకానిక్ ట్రాక్టర్ అనే కోర్సులు కలవు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ట్రాక్టర్లను పరీక్షించుటతోపాటు రైతులకు, యువకులకు యంత్రాల నిర్వహణలో ఇది శిక్షణ ఇస్తుంది. ఉత్తర తెలంగాణ నుండి ఇది చాలా దూరం.